ఇంట్లో హింస: సఖి, స్టేషన్, డీవీ సెల్, సమాఖ్య... ముందు ఎక్కడికి వెళ్లాలి?

భర్త కొడుతున్నాడు, లేదా అత్తింటివాళ్లు పిల్లలతో సహా బయటికి గెంటేశారు. ఇక ఊరుకోకూడదని తేల్చుకున్నాక ఎదురయ్యే మొదటి చిక్కు ఎక్కడికి వెళ్లాలన్నదే. ఒకరు స్టేషన్‌కి వెళ్లమంటారు. ఇంకొకరు పెద్దల్లో పెడదామంటారు. అంగన్‌వాడీ టీచర్ సఖి సెంటర్ పేరు చెబుతుంది. తెలిసినవాళ్ల అబ్బాయి లాయర్ ఉన్నాడు, డీవీసీ (గృహహింస కేసు) వేయిద్దామంటారు. వినేవాళ్లకు ఇవన్నీ ఒకేలా అనిపిస్తాయి, ఎందుకంటే అన్నిచోట్లా ముందు వినిపించేది "కౌన్సెలింగ్ చేస్తాం" అన్న మాటే. కానీ వాటి అధికారాలు వేరు, చేరాలనుకునే గమ్యాలు కూడా వేరు. ఒకచోట కాపురం నిలబెట్టాలని చూస్తారు, ఒకచోట కేసు కట్టాలా వద్దా అని చూస్తారు, ఇంకోచోట ఈ రాత్రికి మీరు ఎక్కడ పడుకుంటారో చూస్తారు.

తన అవసరానికి సరిపడని చోటికి ముందు వెళ్లి, అక్కడ పని కాక, ఇక నాకు దిక్కు లేదనుకుని మళ్లీ అదే ఇంటికి తిరిగి వెళ్లిపోయే ఆడవాళ్లు చాలామంది. అలా జరగకుండా ఉండాలనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో ఉన్న దారులను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ఈ రాత్రి సంగతి. ఇంట్లో ఉంటే ప్రాణానికి ముప్పు ఉందా? గొంతు పట్టుకోవడం, కత్తి చూపించడం, కిరోసిన్ పోస్తానని బెదిరించడం, పిల్లల మీద చెయ్యి చేసుకోవడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఈ పోలిక అంతా పక్కన పెట్టి 112కి ఫోన్ చేయండి. మిగతాది రేపు చదువుకోవచ్చు.

రెండోది, నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది? మీరు కాపురం కావాలంటే కాపురం, వద్దంటే వద్దు అనే చోటుకూ, మీ తరఫున వాళ్లే తేల్చేసే చోటుకూ చాలా తేడా ఉంది. మొదటి అరగంటలోనే అది తెలిసిపోతుంది. "మీకు ఏం కావాలమ్మా?" అని ఎవరూ అడగలేదంటే, అక్కడ మీ మాట చెల్లదని అర్థం.

మూడోది, నా లెక్కలో చాలామంది పట్టించుకోనిది, బయటికి వచ్చేటప్పుడు మీ చేతిలో ఏ కాగితం ఉంటుంది అన్నది. ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి చీటీ, డీఐఆర్ (గృహహింస జరిగిన తీరు రాసే అధికారిక నివేదిక), పిటిషన్ ఇచ్చినట్టు రసీదు, ఏదో ఒకటి. ఆరు నెలల తర్వాత కోర్టులో "ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అని అడిగినప్పుడు మీ పక్షాన మాట్లాడేది ఆ కాగితమే. ఎంత బాగా ఓదార్చినా సరే, ఏ రికార్డూ పుట్టని చోటు ఒక్కటే మీకు సరిపోదు.

ఇక విషయం ఎవరికి తెలుస్తుంది, దూరం ఎంత, వాళ్లు మీతో ఎన్నాళ్లు నిలబడతారు అన్నవి కూడా చూసుకోవాలి. దూరం సమస్య కొంత తగ్గింది. తెలంగాణలో మహాలక్ష్మి కింద 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో స్త్రీ శక్తి కింద 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. జిల్లా కేంద్రానికి వెళ్లడానికి ఇంట్లో ఛార్జీలు అడగాల్సిన అవసరం లేకపోవడం, మొగుడి దగ్గర రూపాయి రూపాయికీ లెక్క చెప్పాల్సిన ఆడమనిషికి చాలా పెద్ద విషయం.

## ఒక్క చూపులో

| ఎక్కడికి | ఎప్పుడు ఉంటారు | ముఖ్యంగా దొరికేది | చేతికొచ్చే కాగితం | ఎక్కడ ఆగిపోతుంది |
|---|---|---|---|---|
| 112 / 181 | రాత్రీ పగలూ | పోలీసు సాయం / సఖికి దారి | ఫోన్ చేసినట్టు రికార్డు | తర్వాత మనిషి ఎదురుగా వెళ్లాల్సిందే |
| సఖి సెంటర్ | రాత్రీ పగలూ | ఆశ్రయం, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా | కేసు నమోదు, అవసరమైతే డీఐఆర్‌కు సాయం | ఆశ్రయం 5 రోజుల దాకే |
| మహిళా పోలీస్ స్టేషన్ | రాత్రీ పగలూ | క్రిమినల్ కేసు, కౌన్సెలింగ్ | ఎఫ్ఐఆర్ లేదా పిటిషన్ రసీదు | డబ్బు, ఇల్లు ఇప్పించలేరు |
| డీవీ (గృహహింస) సెల్ / రక్షణాధికారి | ఆఫీసు వేళలు | కోర్టు ద్వారా రక్షణ, నివాసం, ఖర్చులు | డీఐఆర్, కోర్టు ఉత్తర్వు | సమయం పడుతుంది |
| న్యాయ సేవాధికార సంస్థ | ఆఫీసు వేళలు | ఉచిత లాయర్, లోక్ అదాలత్ | లాయర్ నియామకం, అవార్డు (లోక్ అదాలత్ రాజీ తీర్పు) | ఆశ్రయం ఉండదు |
| మండల సమాఖ్య, కుటుంబ సలహా కేంద్రం | సమావేశం రోజులు | దగ్గరి మనుషుల అండ, ఒత్తిడి | తీర్మానం, ఒప్పందం | చట్టబలం లేదు |
| స్వచ్ఛంద సంస్థలు | సంస్థను బట్టి | ఓపికగా వినడం, వెంట రావడం | సంస్థను బట్టి | అన్ని జిల్లాల్లో లేవు |

## సఖి సెంటర్

ఎటు వెళ్లాలో అస్సలు తెలియకపోతే ముందు ఇక్కడికి వెళ్లమనే నేను చెబుతాను. 2015 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన పథకం ఇది. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, తాత్కాలిక ఆశ్రయం ఒకే కప్పు కింద ఉండాలన్నది దీని ఉద్దేశం. జిల్లా కేంద్రంలో, చాలాచోట్ల ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో గానీ దానికి దగ్గర్లో గానీ ఉంటుంది. 181కి చేస్తే మీ జిల్లా సెంటర్‌కి కలుపుతారు. నేరుగా నడిచి వెళ్లినా రానిస్తారు. డబ్బు కట్టనక్కర్లేదు, లాయర్ వెంట ఉండనక్కర్లేదు, కేసు పెట్టి తీరాలన్న షరతూ లేదు.

దీని బలం తలుపు రాత్రి కూడా తెరిచి ఉండడం. బలహీనత అయిదు రోజుల గడువు. అయిదో రోజు తర్వాత ఎక్కడ అన్న ప్రశ్న మొదటి రోజే అడగాలి. పుట్టిల్లు లేనివాళ్లకు, ఉన్నా రానివ్వనివాళ్లకు, శక్తి సదన్ అనే వసతి ఉంది. ఇంతకుముందు స్వధార్ గృహ్ అనేవాళ్లు. అక్కడ నెలల తరబడి ఉండొచ్చు, ఏదైనా పని నేర్చుకోవచ్చు. మగపిల్లలను వెంట ఉంచుకోవడానికి వయసు పరిమితి ఉంటుంది కాబట్టి, పదేళ్లు దాటిన కొడుకు ఉంటే ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. ఈ ఒక్క కారణంతో ఆశ్రయం వద్దని వెనక్కి వెళ్లే తల్లులు ఉంటారు. అబ్బాయిని ప్రభుత్వ హాస్టల్లోనో బాలల సంరక్షణ కేంద్రంలోనో చేర్చే దారి ఉందేమో సెంటర్ వాళ్లనే అడగండి.

సిబ్బంది తీరు సెంటర్‌ని బట్టి మారుతుంది, అది కూడా చెప్పాలి. కొన్నిచోట్ల కౌన్సెలర్ మూడు గంటలు కూర్చుని వింటుంది. కొన్నిచోట్ల ఇద్దరే మనుషులు, బయట పది మంది ఆడవాళ్లు. మొదటిరోజు విసుగు కనిపించిందని మానేయొద్దు. మీ వివరాలు రిజిస్టర్‌లో రాశారా లేదా చూసుకుని, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ అడిగి రండి.

## పోలీస్ స్టేషన్, మహిళా స్టేషన్, భరోసా

గాయమైనప్పుడు, చంపుతానని బెదిరించినప్పుడు, కట్నం కోసం వేధిస్తున్నప్పుడు, లైంగిక దాడి జరిగినప్పుడు స్టేషన్‌ను దాటి వెళ్లే దారి లేదు. జనం ఇప్పటికీ "ఫోర్ నైంటీ ఎయిట్ ఏ" అనే, భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింస మీద కేసు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ కింద నడుస్తోంది. శిక్ష మూడేళ్ల దాకా. అత్తగారిది ఒక ఊరు, పుట్టిల్లు ఇంకో ఊరు అయితే అక్కడికే వెళ్లి పెట్టాలనేం లేదు. మీరు తలదాచుకున్న ఊళ్లోనే కేసు పెట్టొచ్చని సుప్రీంకోర్టు 2019లో రూపాలీ దేవి కేసులో తేల్చింది. మా పరిధి కాదంటే, జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసే ఎఫ్ఐఆర్) కట్టమని అడగండి.

ఇక్కడ రెండు విషయాలు ముందే తెలిసి ఉండాలి. భార్యాభర్తల గొడవల్లో స్టేషన్‌లో ముందు కౌన్సెలింగ్ పెట్టి, తర్వాతే ఎఫ్ఐఆర్ సంగతి చూస్తారు. ప్రాథమిక విచారణకు చట్టంలో చోటు ఉంది, అది తప్పు కాదు. కానీ వారం వారం పిలుస్తూ నెలలు గడిపితే మాత్రం ఒప్పుకోకండి. మీరిచ్చిన పిటిషన్ నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. అయినా కదలకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపొచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేట్‌ దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

రెండోది, కేసు పెట్టగానే లోపల వేస్తారన్నది ఇప్పుడు నిజం కాదు. 2014 నాటి అర్ణేశ్ కుమార్ తీర్పు తర్వాత ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో చాలావరకు ముందు నోటీసు ఇచ్చి పిలుస్తారు. అంటే కేసు పెట్టిన రోజు సాయంత్రమే ఆయన అదే ఇంటికి రావచ్చు. అందుకే స్టేషన్‌కి వెళ్లే రోజు రాత్రికి ఎక్కడ ఉంటారో ముందే తేల్చుకుని వెళ్లండి.

తెలంగాణలో లైంగిక దాడికి గురైన ఆడవాళ్లకూ పిల్లలకూ భరోసా కేంద్రాలు ఉన్నాయి. మొదటిది 2016లో హైదరాబాద్‌లో వచ్చింది. వైద్య పరీక్ష, వాంగ్మూలం, కౌన్సెలింగ్ అన్నీ ఒకేచోట జరుగుతాయి, పదిచోట్లకు తిరిగి పదిసార్లు అదే బాధ చెప్పుకునే పని తప్పుతుంది. అలాంటి కేసుల్లో మామూలు స్టేషన్ కన్నా ఇదే మేలు. 2014లో మొదలైన షీ టీమ్స్ వెంటపడడం, ఆన్‌లైన్ వేధింపులు, బస్టాపుల్లో వెకిలి చేష్టలు లాంటివాటికి. ఇంటి గొడవకు అక్కడికి వెళ్తే వేరేచోటికి పంపిస్తారు. ఆంధ్రలో శక్తి యాప్ ఆపదలో పోలీసులను పిలవడానికి పనికొస్తుంది. స్టేషన్ దాకా వెళ్లడానికి భయపడేవాళ్లకు గ్రామ, వార్డు సచివాలయంలో ఉండే మహిళా పోలీసు మొదటి మెట్టు.

## డీవీసీ: కాపురం వదులుకోకుండా హింస ఆపాలంటే

"నాకు ఆయన జైలుకి పోవడం వద్దు. కొట్టడం ఆపితే చాలు, పిల్లల ఫీజు కడితే చాలు." ఈ మాట అనే ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లకోసమే 2005 గృహహింస చట్టం ఉంది, కోర్టు మాటల్లో డీవీసీ. ఇది మొదట జైలు కోసం పెట్టే కేసు కాదు. కొట్టకూడదని ఉత్తర్వు, ఇంట్లోంచి పంపకూడదని ఉత్తర్వు, నెల నెలా ఖర్చులు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది, నష్టపరిహారం, ఇవన్నీ ఒకే దరఖాస్తులో అడగొచ్చు. ఉత్తర్వు వచ్చాక దాన్ని మీరితే అప్పుడు జైలు, ఏడాది దాకా.

జిల్లా కేంద్రంలో అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ పీడీ ఆఫీసు ఎక్కడని అడగండి, డీవీ సెల్ ఎక్కడో వాళ్లు చూపిస్తారు. రక్షణాధికారి మీరు చెప్పింది రాసి డీఐఆర్ తయారుచేసి మేజిస్ట్రేట్‌కు పంపుతారు. రూపాయి ఖర్చు ఉండదు. డీఐఆర్ రాసేటప్పుడు తొందరపడకండి. "తరచూ కొడతాడు" అని ఒక్క ముక్కలో తేల్చకుండా, ఏ పండగ రోజు, ఏ చేత్తో, దేనితో, ఎవరు చూశారు, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లారు అన్నది గుర్తున్నంత వరకు చెప్పండి. జీతం కార్డు లాక్కోవడం, గదిలో పెట్టి గొళ్లెం పెట్టడం, ఫోన్ పగలగొట్టడం, పుట్టింటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, ఇవి కూడా చట్టం దృష్టిలో హింసే. చాలామంది అవి చెప్పనే చెప్పరు.

ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి నీకు హక్కు లేదనే బెదిరింపు మామూలే. కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా కోడలు నివాస హక్కు అడగొచ్చని 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి మీద వాటా కాదు అది, ఉండనిచ్చే హక్కు. ఈ చట్టం పెళ్లాలకే కాదు. కొడుకు కొడుతున్న తల్లి, అన్న గెంటేసిన చెల్లెలు, పెళ్లి లేకుండా కలిసి ఉన్న స్త్రీ కూడా వేయొచ్చు. పెద్ద వయసు తల్లికైతే ఆర్డీఓ దగ్గర వయోవృద్ధుల ట్రిబ్యునల్ ఇంకా సులువు.

దీని లోటు సమయమే. మొదటి వాయిదా నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది, నడిచే తీరు వేరు. అందుకని దరఖాస్తుతో పాటే మధ్యంతర ఉత్తర్వు అడగమని లాయర్‌కి గట్టిగా చెప్పండి.

కోర్టు కూడా మిమ్మల్నిద్దరినీ కౌన్సెలింగ్‌కి పంపొచ్చు. అక్కడ ఒక రక్షణ ఉంది, ఇది అందరికీ తెలియాలి. చట్టం కింద 2006లో వచ్చిన నియమాల ప్రకారం ఆ కౌన్సెలింగ్‌లో "అది నోటికొచ్చినట్టు మాట్లాడింది, అందుకే కొట్టాను" అని ఆయన సమర్థించుకోవడానికి వీల్లేదు. ఆ సంగతి కూర్చోబెట్టక ముందే ఆయనకు చెప్పాలి. కాబట్టి ఎవరైనా "నువ్వేం అన్నావమ్మా, ఆయనకి అంత కోపం ఎందుకొచ్చింది?" అని మొదలుపెడితే, నియమం ఇది అని మీరు గుర్తుచేయొచ్చు.

## ఉచిత లాయర్: న్యాయ సేవాధికార సంస్థ

ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సాయం పొందే హక్కు ఉందని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. తెల్ల కార్డు అడిగితే అవసరం లేదని చెప్పండి. జిల్లా కోర్టు ఆవరణలో ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. భరణం కేసుకి, డీవీసీకి, విడాకులకి లాయర్‌ను పెడతారు.

ప్రైవేటు లాయర్‌ను పెట్టుకోగలిగితే పెట్టుకోవాలా, దీన్ని నమ్ముకోవాలా? ఆస్తి వివాదం కలిసి ఉన్నప్పుడు, భర్త విదేశంలో ఉన్నప్పుడు ఆ రకం కేసుల్లో చేయి తిరిగిన లాయర్ మేలు. మామూలు భరణం, డీవీసీకి సంస్థ ఇచ్చే ప్యానెల్ లాయర్ చాలు. నగలు తాకట్టు పెట్టి ఫీజు కట్టొద్దు. లాయర్ నచ్చకపోతే మార్చమని సంస్థకు దరఖాస్తు ఇవ్వొచ్చు.

లోక్ అదాలత్‌లో రాజీ పడేముందు మాత్రం జాగ్రత్త. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. "నా స్త్రీధనం అంతా ముట్టింది" అన్న వాక్యం ఉంటే, నిజంగా చేతికొచ్చాకే సంతకం పెట్టండి.

## సమాఖ్య అక్కలు, కుటుంబ సలహా కేంద్రం

పొదుపు సంఘంలో ఉన్న ఆడవాళ్లకు ఇది అన్నిటికన్నా దగ్గర. గ్రామ సమాఖ్య, మండల సమాఖ్యల్లో సామాజిక కార్యాచరణ కమిటీలు ఉంటాయి. వెలుగు, ఇందిరా క్రాంతి పథం రోజుల నుంచి కొన్ని మండలాల్లో కుటుంబ సలహా కేంద్రాలు కూడా నడిపారు. వారం వారం లోన్ వాయిదా కట్టేటప్పుడు కలిసే మనుషులే కాబట్టి మీ ముఖం చూసి సగం విషయం వాళ్లకే తెలిసిపోతుంది. పది మంది అక్కలు కలిసి ఇంటిముందుకు వచ్చి నిలబడితే, పోలీసును చూసి బెదరని మగాడు కూడా తగ్గిన సందర్భాలు ఉన్నాయి. తాగుడు, సంపాదన ఇంటికి తేకపోవడం, రెండో సంబంధం తొలి రోజులు, అత్తాకోడళ్ల మధ్య నలుగుడు, వీటికి ఇది మంచి చోటు. తర్వాత కూడా వాళ్లు ఊళ్లోనే ఉంటారు, వారం తర్వాత మళ్లీ వచ్చి ఎలా ఉన్నావని అడుగుతారు. ఏ ప్రభుత్వ కేంద్రమూ అది చేయలేదు.

కానీ దీని హద్దు తెలియకపోతే నష్టం. ఊళ్లో బలమైన కుటుంబం అవతల ఉంటే కమిటీ గొంతు తగ్గుతుంది. గుట్టు నిలవడం కష్టం, సాయంత్రానికి నీళ్ల ట్యాంకు దగ్గర అదే మాట. ఇక బాండు పేపరు సంగతి. "ఇకపై కొట్టను, తాగను" అని రాయించి, పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టిన వంద రూపాయల కాగితాన్ని మీరితే ఆయనకు పడే శిక్ష ఏమీ లేదు. పాత హింసకు ఒప్పుకోలుగా రేపు కోర్టులో పనికి రావచ్చు, అందుకని ఒరిజినల్ మీ దగ్గర ఉంచుకోండి. అదే కాగితంలో "ఇక ఏ కేసూ వేయను" అని రాస్తే ఆ వాక్యం కొట్టేయించండి.

లైంగిక దాడి, బాల్య వివాహం, మైనర్ పిల్ల మీద అఘాయిత్యం, ఇవి ఎంత మంచి కమిటీ అయినా రాజీ చేయకూడనివి. పిల్లల మీద లైంగిక నేరం తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం.

పెద్దమనుషుల పంచాయితీ గురించి వేరుగా రాయడం లేదు. అక్కడ మీ తరఫున మాట్లాడే ఆడమనిషి ఒక్కరైనా కూర్చుంటే సరే, లేకపోతే వద్దు.

## స్వచ్ఛంద సంస్థలు, మనసుకు సాయం

తెలుగునాట ఆడవాళ్ల కోసం ఆడవాళ్లే కట్టిన సంస్థల చరిత్ర పాతది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభను 1937లోనే మొదలుపెట్టారు. ఇప్పుడు హైదరాబాద్‌లో భూమిక, పాతబస్తీలో షాహీన్, బస్తీల్లోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా నిలబెడుతున్న మై చాయిసెస్ ఫౌండేషన్ లాంటివి ఉన్నాయి. వాళ్ల గొప్పతనం తొందరపెట్టకపోవడం. ఇంకా ఏమీ తేల్చుకోలేదు, ఎవరితోనైనా మాట్లాడాలి అంతే అనుకునే దశలో ప్రభుత్వ ఆఫీసు కన్నా ఇవి నయం. లోటు ఏమిటంటే నగరం దాటితే దొరకడం కష్టం, వాళ్లు ఉత్తర్వులు ఇవ్వలేరు.

నిద్ర పట్టకపోవడం, చిన్న శబ్దానికే ఉలిక్కిపడడం, చచ్చిపోవాలనిపించడం వేరే రకం సాయం కోరేవి. టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇది కాపురం కౌన్సెలింగ్ కాదు, మీ మనసుకి వైద్యం. కేసుతో పాటే నడవాలి, కేసు అయ్యాక చూద్దామని వాయిదా వేయొద్దు. "డిప్రెషన్ మందులు వాడితే పిల్లలు నాకు రారేమో" అన్న టెన్షన్ చాలామంది తల్లులకు ఉంటుంది. వైద్యం చేయించుకున్నారన్న ఒక్క కారణంతో తల్లికి పిల్లలను కాదనరు.

## మీ పరిస్థితిని బట్టి

దెబ్బలు తగిలి ఉంటే: స్టేషన్ కన్నా ముందు ప్రభుత్వ ఆసుపత్రి. డ్యూటీ డాక్టర్‌తో "భర్త కర్రతో కొట్టాడు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. పక్కన అత్తగారు ఉందని "బాత్రూంలో జారిపడ్డాను" అంటే ఎంఎల్‌సీలో (పోలీసు కేసుకు పనికొచ్చేలా డాక్టర్ రాసే గాయాల రికార్డులో) అదే పడుతుంది, తర్వాత ఎంత చెప్పినా ఆ గీత చెరగదు. ఆమెను బయట ఉండమని నర్సును అడగండి.

ఉద్యోగం ఉండి, పరువు భయం ఉంటే: ముందు స్వచ్ఛంద సంస్థ లేదా 181, తర్వాత డీవీసీ. మీ ఆఫీసుకు ఎవరూ ఉత్తరం పంపరు. జీతం పడే ఖాతా ఒక్కదాన్ని వేరు చేసి, దాని పిన్, ఈమెయిల్, రికవరీ నంబర్ మార్చుకోవడం మొదటి పని.

సంపాదన లేదు, చిన్న పిల్లలు ఉన్నారు: సఖి నుంచి మొదలుపెట్టి న్యాయ సేవాధికార సంస్థకు. డీవీసీలో ఖర్చులు అడగండి, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్ష సంహిత) 144 కింద భరణం కేసు కూడా వేయొచ్చు. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలని 2020లో రజనేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే.

అమెరికాలో ఉంటే: ప్రాణభయం ఉంటే 911. తర్వాత న్యూజెర్సీలో మానవి, బే ఏరియాలో మైత్రి, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష లాంటి దక్షిణాసియా మహిళల సంస్థలు. హెచ్-4 (ఉద్యోగ వీసా మీద ఉన్న భర్త వెంట భార్యకిచ్చే వీసా) మీద ఉన్నాను, కదిలితే వీసా పోతుందన్న భయంతోనే చాలామంది ఆగిపోతారు. హింసకు గురైన హెచ్-4 భార్య భర్త సాయం లేకుండానే పని అనుమతి కోసం ఐ-765వీ ఫారం వేసుకునే వీలుంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఇండియాకి టికెట్ కొనొద్దు, ముఖ్యంగా పిల్లలు అక్కడ పుట్టినవాళ్లయితే. భర్త అక్కడ, మీరు ఇక్కడ చిక్కుకుపోతే తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగంలో ఎన్నారై సెల్ ఉంది. జాతీయ మహిళా కమిషన్‌కూ రాయొచ్చు.

## ఫోన్ జాగ్రత్త

ఎక్కడికి వెళ్లాలో వెతికే పని కూడా ఆయన కంట పడొచ్చు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి, మీకు తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ చేయండి. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. 181కి చేశాక కాల్ లిస్టులోంచి తీసేయండి, వీలైతే ఆశా కార్యకర్త ఫోన్ నుంచే చేయండి. ఆధార్, పెళ్లి ఫొటో లేదా శుభలేఖ, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు పాస్‌బుక్, పాత ఆసుపత్రి చీటీలు ఫొటో తీసి నమ్మకమైన ఒక్కరికి పంపి, మీ ఫోన్లోంచి తీసేయండి. సర్దిన సంచి ఇంట్లో పెట్టకండి, అక్క ఇంట్లోనో పక్కవీధి స్నేహితురాలి దగ్గరో ఉంచండి.

## ఆమె తరఫున మీరు అడుగుతుంటే

అక్కో, పక్కింటామో, పనిచేసే చోట తోటి ఉద్యోగో అయి ఉండొచ్చు. గృహహింస గురించి రక్షణాధికారికి ఎవరైనా చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని చట్టమే అంటోంది. అయితే ప్రాణభయం లేనప్పుడు ఆమెను అడగకుండా చేయకండి. ఎప్పుడు బయటపడితే క్షేమమో ఆమెకు తెలిసినట్టు మీకు తెలియదు. "వదిలేసి వచ్చెయ్" అని ఒత్తిడి చేసేకన్నా ఫలానా రోజు నేను సెలవు పెడతాను, సఖికి కలిసి వెళ్దాం, పిల్లాణ్ని మా ఇంట్లో ఉంచుతాను అని చెప్పండి. వెళ్లాక ఆమె లోపల మాట్లాడుతున్నంతసేపూ బయట కూర్చోండి. మొదటిసారి వెళ్లి మళ్లీ కాపురానికే తిరిగి వెళ్లిపోయినా, రెండోసారి ఫోన్ చేస్తే ఎత్తండి.